ఎవరి కెమెరాతో తీసిన ఫోటో?

మా చిన్నప్పుడు మా ఇంట్లో కెమెరా లేదు... ఫోటోలు మాత్రం ఒక బూట్ల అట్టపెట్టె నిండా ఉండేవి. అన్నీ కెమెరా ఉన్న పుణ్యాత్ములు వచ్చినప్పుడు తీసిపెట్టినవే.

పటమటలో మాది చిన్న పెంకుటిల్లు. నాన్న బడిపంతులు. ఆ ఫోటోలను కవర్లలో పెట్టి, ఒక్కో కవరు మీద కెమెరా ఎవరిదో రాసేవారు. 'బ్యాంకు మేనేజరు గారి కెమెరా', 'పెద్ద బావగారి కెమెరా', 'శామ్యూల్ మాస్టారి కెమెరా'... లోపల మాత్రం పెళ్లిళ్లు, పుట్టినరోజులు, మంగళగిరి కొండ మెట్లు అన్నీ కలగాపులగం. నాకు ఒళ్లు మండేది. ఫోటోలో ఉన్నది మనమైతే, పైన పేరు వాళ్లదేమిటి?

ఐదో తరగతి దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం కూర్చుని మొత్తం సర్దేశాను. నాయనమ్మ, తమ్ముడు, పెళ్లిళ్లు, గుళ్లు... ఇలా విడివిడిగా పొట్లాలు కట్టాను.

నాన్న వచ్చి చూశారు. "పాత కవర్లేవమ్మా?"

"వేణ్ణీళ్ల బాయిలర్లో వేసేశా నాన్నా!" అన్నాను గొప్పగా.

ఆయన వెళ్లి బాయిలర్లోకి తొంగిచూసి వచ్చారు. తిట్టినా బాగుండేది...

దీపావళి ముందు తుఫాను పట్టింది. పెంకుల్లోంచి కారిన నీళ్లు నేరుగా ఆ పెట్టెలో పడ్డాయి. నాయనమ్మ పొట్లంలో ఉన్నది ఒక్కటే ఫోటో. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు, ఇంకో ఫోటో లేదు. అది కాస్తా పొట్లం కాగితానికి అతుక్కుపోయింది. విడదీస్తే మొహం ఊడి వచ్చింది.

"నెగటివ్ ఉంటుంది కదండీ, ఇంకోటి వేయిద్దాం" అంది అమ్మ.

"ఎవరి దగ్గరుందని అడగను?" అన్నారు నాన్న.

అప్పుడు అర్థమైంది నాకు. కెమెరా వాళ్లది, రీలూ వాళ్లదే. నెగటివ్ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. కవరు మీద ఆ పేర్లు అందుకు! వాటిని నేను నీళ్లు కాచడానికి వాడాను.

వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తుంటేనే ఆ రోజు గుర్తొచ్చింది. అరుగు మీద నేనూ నాయనమ్మే ఉన్నాం. ఫోటోలో ఆవిడ పళ్లన్నీ కనబడేలా నవ్వడానికి కారణం, తీస్తున్నాయన వాలకమే. "ఏంటయ్యా, నా ఫోటో తీస్తానని నీ పొట్ట చూసుకుంటావేంటి?" అంది! ఏడుస్తూనే అది నాన్నకు చెప్పాను.

పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగిచూసే కెమెరా... మాకు తెలిసినవాళ్లలో అది ఒక్కరికే ఉంది.

"శామ్యూల్ మాస్టారు!" అని నాన్న లేచి నిలబడ్డారు.

ఆయన నాన్నతో పనిచేసిన డ్రాయింగు మాస్టారు. అప్పటికి కూచిపూడికి బదిలీ అయ్యారు. ఆదివారం బస్సెక్కి వెళ్లాం. దారి పొడుగునా నేను మొక్కని దేవుడు లేడు. మాస్టారు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. సంగతి విని, బిస్కెట్ల డబ్బా తీసి, పెద్దగా వెతక్కుండానే ఒక చిన్న కవరు నా చేతిలో పెట్టారు. దాని మీద నాన్న పేరు, ఆ కింద 'వాళ్ల అమ్మగారు, నవ్వుతూ' అని ఉంది.

"తీసినవాణ్ణి కదా, ఎవర్ని తీశానో రాసుకున్నానమ్మా. తీయించుకున్నవాళ్లు ఎవరు తీశారో రాసుకోవాలి. రెండూ ఉంటేనే ఫోటో దొరికేది" అన్నారు.

నాయనమ్మ ఇప్పటికీ మా హాల్లో నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు ఫోనే మొహాలు గుర్తుపట్టి సర్దిపెడుతోంది, అచ్చం నేను కట్టిన పొట్లాల్లాగే. ఏ ఫోనుతో తీసిందో కూడా చెబుతుంది. ఎవరు తీశారన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు... అనుకుంటూ ఉండగానే, మొన్న మా అమ్మాయి ఒక ఫోటో పంపింది. కింద ఇలా రాసింది: 'తీసింది తాతయ్య. మూల ఉన్న వేలు కూడా ఆయనదే.'

నాన్న వేలును ఎంతసేపు చూసుకున్నానో!

మీరూ ఒక పాత ఫోటో బయటికి తీయండి. అందులో ఎవరున్నారో తర్వాత... ముందు తీసిందెవరో చెప్పండి.