ముప్ఫై ఏడు డిగ్రీల బావ

మా బావ ఎడమ చంకలో ఎప్పుడూ ఒక గాజు గొట్టం ఉంటుంది. వేలెడంత గొట్టం, రబ్బరు మూత, లోపల ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో ఒక దారప్పోగు. ఇది తప్ప ఆయనలో ఏ లోపమూ లేదని మా అక్క చెబుతుంది. చెబుతూ పళ్లు నూరుతుంది.

ఆయన వృత్తి దారాలు తియ్యడం. చక్కెరల్నీ, పెప్టైడ్లనీ, అంటే మాంసకృత్తుల చిన్న చిన్న తునకల్నీ, గొలుసుగా కలిపి పోగు తీస్తారు. డాక్టరు ఆ పోగుతో ఒంటిలోపల కుట్లు వేసి ఊరుకుంటే చాలు, గాయం మానేసరికి అదే కరిగిపోతుంది. కుట్లు విప్పే బాధ లేదు. నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి. పదో తరగతి దాటలేదు. ఇదంతా ఆయన దగ్గర విని విని నేర్చుకున్నదే. కిటుకంతా ఎప్పుడు కరగాలన్న దాంట్లో ఉందట. తొందరపడితే కుట్లు ఊడతాయి. ఆలస్యమైతే? "అత్తారింట్లో అల్లుడిలా తిష్ఠ వేస్తుందన్నమాట" అని మా అమ్మ అర్థం చేసుకుంది. అల్లుడి ఎదుటే.

అది తేల్చడానికి పోగును మనిషి ఒంటి వేడిలో, ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర, తొంభై రోజులు ఉంచాలి. ప్రయోగశాలలో అందుకోసమే ఒక గోరువెచ్చటి నీళ్ల తొట్టి ఉంది. మా బావ మాత్రం "యంత్రం వేడి వేరు, మనిషి వేడి వేరు" అంటూ గొట్టాన్ని చంకలో ఇరికించేశారు.

అప్పట్నుంచి ఆ చెయ్యి పైకి లేవలేదు. జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళ్తే నర్సు థర్మామీటరు తీసింది.

"చెయ్యెత్తండి."

"ఎడమది ఖాళీ లేదండీ, కుడివైపు చూడండి."

ఆఫీసులో పెద్దాయన ఉపన్యాసానికి అందరూ చప్పట్లు కొడుతుంటే, ఈయన కుడిచేత్తో తొడ చరిచారు. సవాలు చేశాడనుకుని పెద్దాయన రెండు వారాలు మాట్లాడలేదు.

"ఆ గొట్టాన్ని చూసుకున్నట్టు నన్నెప్పుడైనా చూసుకున్నారా?" అంది అక్క.

"నువ్వు కరగవు కదే!"

ఆ పూట మా అక్క వంటింటి తలుపు తియ్యలేదు.

ఒకరోజు ప్రయోగశాలలో ఫ్రిజ్ తలుపు పడటం లేదంటే వెళ్లాను. పక్కనే తొట్టి. పన్నెండు గూళ్లు, పన్నెండింట్లోనూ గొట్టాలు, అన్నిటిమీదా ఒకటే చేతిరాత. బావ దగ్గర పరిశోధన చేసే అమ్మాయిది.

"అన్నీ నావే. నా అదృష్టమండీ," అంది అక్కడే ఉన్న ఆ అమ్మాయి. "మొదటిసారి చేసినవన్నీ పాడైపోయాయి. ఈ నెలాఖరులోగా తొంభై రోజుల ఫలితం చూపించకపోతే నన్ను చదువులోంచి తీసేస్తారు. పన్నెండు గూళ్లూ కావాల్సొచ్చాయి. సార్‌కి యంత్రాలంటే నమ్మకం లేదు కాబట్టి బతికిపోయాను!"

తొట్టికి ఒక పుస్తకం వేలాడుతోంది. ఊరికే తిరగేశాను. ఆ అమ్మాయి రాకముందు ఆరేళ్లపాటు ప్రతి పేజీలోనూ మా బావ సంతకమే. ఒకచోట 'వేడి వెంట్రుకవాసి తప్పలేదు, భేషైన యంత్రం' అని మెచ్చుకోలు కూడా.

బావను వరండాలోకి లాగాను. "యంత్రాలంటే నమ్మకం లేదన్నారే?"

"మెల్లగా ఏడువు. ఆ పిల్లకి తెలిస్తే నాకోసం ఒక గూడు ఖాళీ చేస్తుంది. దాని చదువు గంగలో కలుస్తుంది."

"మరి మీ పోగు?"

"నాకు జ్వరమొచ్చిన రోజే దానికీ వచ్చింది. ఇంకేం పనికొస్తుంది? పారేశాను."

"మరి చంకలోది?"

"ఉత్త ఉప్పునీళ్లు." అటూ ఇటూ చూశారు. "తీసేస్తే ఊరుకుంటుందా? 'మీ పోగేది సార్, తొట్టిలో పెడదాం' అంటుంది."

నెలాఖరుకి అమ్మాయి ఫలితాలు చూపించింది, పెద్దలు ఒప్పుకున్నారు, గండం గడిచింది. తొట్టి ఖాళీ అయింది. ఆ సాయంత్రం మా బావ రెండు చేతులూ బార్లా చాపి ఎంతసేపు ఒళ్లు విరుచుకున్నారో!

మర్నాడు, నేను బాగుచేసిన తలుపే మళ్లీ మొరాయించిందంటే వెళ్లాను. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి ఒంటికి అతికించుకుని, కుడిచేత్తో సీసా మూత తియ్యడానికి నానా తంటాలు పడుతోంది.

"చెయ్యి నొప్పా అమ్మా?"

"కాదండీ, కొత్త పోగు మొదలుపెట్టాను. సార్ చెప్పిందే నిజం. యంత్రం వేడి వేరు, మనిషి వేడి వేరు."

బావ వంక చూశాను. ఆయన మెల్లగా సొరుగు లాగి, ఒక గొట్టం తీసి, తనూ చంకలో పెట్టుకున్నారు. వాళ్ల వెనకాల పన్నెండు గూళ్ల తొట్టి, ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర, వెచ్చగా, ఖాళీగా గుర్రు పెడుతోంది.