పన్నెండో రౌండు మొక్కు

డెబ్భై తొమ్మిదో సంవత్సరం మే నెలలో, పరీక్షలు అయిపోయాక నాకు పదిరోజులు ఖాళీ దొరికింది. డెట్రాయిట్ పక్కన నోవైలో మా పిన్నీ బాబాయీ ఉంటారు. బాబాయి కార్ల కంపెనీలో ఇంజినీరు. “రూములో తలుపేసుకుని నవలలు చదువుతావు, నాకు తెలుసు. బయలుదేరు,” అని పిన్ని ఫోన్ చేసింది. నా ఉద్దేశం సరిగ్గా అదే కావడంతో కాదనడానికి నోరు రాలేదు.

గురువారం పొద్దున పిస్కాటవే నుంచి నా రూమ్మేట్ నన్ను న్యూవార్క్ బస్ స్టేషన్‌లో దింపింది. పొద్దున ఏడు గంటలకి బస్సు. దాని టికెట్ విమానం టికెట్‌లో సగం కూడా కాదు, కాని రోజంతా కూర్చోవాలి. మధ్యాహ్నం పెన్సిల్వేనియాలో భోజనానికి ఆపిన చోట శాకాహారులకి వేయించిన బంగాళదుంప ముక్కలు తప్ప ఏమీ దొరకవు. వెళ్ళేవాళ్ళు పెరుగన్నం కట్టుకుని వెళ్ళడం మంచిది.

నా పక్క సీట్లో క్లీవ్‌లాండ్ వెళుతున్న ఒక పెద్దాయన పేపర్లో ఆటల పేజీ మీద గీతలు గీస్తున్నాడు. “నీ టీము ఏది?” అని అడిగాడు. నాకు టీము లేదన్నాను. బంధువులెవరూ లేరని చెప్పినట్టు జాలిగా చూశాడు. ఆ రోజూ మర్నాడూ ఫుట్‌బాల్ టీములన్నీ న్యూయార్క్‌లో కూర్చుని, కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకుంటాయట. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పన్నెండు రౌండ్లు. ప్రతి రౌండులోనూ, కిందటేడు అందరికంటే ఎక్కువగా ఓడిన టీముది మొదటి వంతు.

“ఓడిపోయినవాళ్ళకి ముందా?” అన్నాను.

“లేకపోతే ఎప్పటికీ ఓడుతూనే ఉంటారు కదా అమ్మాయ్!”

ఆఖరి మార్కులు వచ్చినవాడికి ముందు బెంచీ ఇచ్చినట్టుంది. అదేం న్యాయమో ఒహాయో దాటేదాకా ఆలోచించినా తేలలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి డెట్రాయిట్ చేరాను. బాబాయి కారులో రేడియో మోగుతూనే ఉంది. నన్ను కుశలం అడిగి, జవాబు వినకుండా వాల్యూమ్ పెంచాడు. పక్కింటి వాల్ట్ కూడా బాబాయి కంపెనీలోనే పనిచేస్తాడు. భార్య పోయింది. ఒక్కడే కొడుకు మైక్ కాలేజీ టీములో ఆడాడు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని పడగొట్టడం అతని పని. “ఫస్ట్ రౌండ్స్‌లో వాడికి ఛాన్స్ లేదు. రేపు లాస్ట్ రౌండ్స్‌లోనే ఏదైనా!” అన్నాడు బాబాయి.

మర్నాడు బాబాయీ, అతని స్నేహితుడు వరంగల్ నర్సింగరావుగారూ ఆఫీసుకి ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి చెప్పి, వాల్ట్ ఇంట్లో రేడియో ముందు కూర్చున్నారు. పిన్ని రవ్వకేసరి గిన్నె పట్టుకుంది. నేను వెనక నడిచాను. మైక్ మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మెట్టు నిండా అతనే. నన్ను చూసి తలూపాడు, నేనూ ఊపాను. ఇద్దరి మాటలూ అంతటితో అయిపోయాయి.

“ఎనిమిదో రౌండులో మన ఊరి టీము పరిగెత్తలేనివాణ్ణి తీసుకుందేంటి గురూగారూ! వాడి టైమింగ్ చూశారా?” బాబాయి బల్ల మీద కొట్టాడు.

“వాడు ఉరుకుడెందుకన్నా? నిలబడితె చాలు. గోడ ఉరుకుతదా?” అన్నారు నర్సింగరావుగారు.

“సరే, తొమ్మిదోదాంట్లో కిక్కర్ ఎందుకు? ఆల్రెడీ ఒకడున్నాడుగా?”

“ఉన్నోడు కొడ్తే బంతి పార్కింగ్ లాట్‌ల పడ్తున్నది. అందుకె.”

వాల్ట్ మాత్రం రేడియో ఒక్కో పేరు చదివినప్పుడల్లా గట్టిగా ఊపిరి వదులుతున్నాడు. పదో రౌండు అయింది. మైక్ పేరు రాలేదు. వాల్ట్ ముఖం విప్పారింది. నాకు అయోమయంగా ఉంది.

“పేరు రాకపోతే సంతోషమేంటి బాబాయ్?”

“ఇంత లేటయ్యాక ఎవరూ పిక్ చేయకపోతేనే వాడికి మంచిది. ఫ్రీ అయిపోతాడు, ఇష్టమైన టీముతో సైన్ చేయొచ్చు. మన ఊరి టీము కోచ్ మాట కూడా ఇచ్చాడు. మిగిలిపోతే మా దగ్గరికి వచ్చెయ్, నీ ప్లేసులో మాకు మనుషుల్లేరు అని. వేరే టీము పిక్ చేస్తే మాత్రం అక్కడికే పోవాలి. అక్కడ జనం ఎక్కువుంటే ఆగస్టులో ఇంటికి పంపేస్తారు.”

“అయితే మన టీమే పిక్ చేయొచ్చుగా?”

“ఊకెనె వచ్చెటోని మీద పిక్ ఎందుకు ఖర్చు పెడ్తరమ్మా?” అన్నారు నర్సింగరావుగారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

పిన్ని నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

“ఉగాదికి పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళామా, అక్కడ మొక్కుకున్నానే. వీణ్ణి ఎవరో ఒకరు పిలవాలి, పిలిస్తే తీసుకొచ్చి పదకొండు ప్రదక్షిణలు చేయిస్తానని.”

“ఎవరో ఒకరు అన్నావా?”

“టీముల పేర్లు నాకేం తెలుసు? పిలవకపోవడం మంచిదని ఎవడైనా అనుకుంటాడా? ఒసే, మొక్కు వెనక్కి తీసుకోవచ్చంటావా?”

“నన్నడుగుతావేం పిన్నీ? నేను చదివేది లైబ్రరీ సైన్సు.”

పిన్ని ఫ్రిజ్ వైపు తిరిగి కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. అప్పుడే ఫోన్ మోగింది.

ముందుగదిలోకి వచ్చేసరికి మైక్ రిసీవర్ పట్టుకుని “ఎస్ సర్” అంటున్నాడు. పన్నెండో రౌండు. పడమటి తీరం టీము.

“వాళ్ళకి ఆ ప్లేసులో ఏడుగురున్నారు!” అని బాబాయి తల పట్టుకున్నాడు. నర్సింగరావుగారు రేడియో కట్టేశారు. వాల్ట్ కుర్చీలో కూలబడ్డాడు. ఎంపికైన ఇంట్లో అందరూ అలా ఉంటే ఏం చేయాలో తోచక, పొద్దుటినుంచి ఇంగ్లీషులో నోరెత్తని నేను “కంగ్రాచ్యులేషన్స్” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. “థాంక్యూ,” అన్నాడు మైక్, నేలని చూస్తూ.

సాయంత్రం పిన్ని ఉండబట్టలేక వాల్ట్‌కి మొక్కు సంగతి చెప్పేసింది. ఆయన ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“మీరు అడిగారు, ఆయన ఇచ్చాడు. ఇక మాట తప్పకూడదు. నా స్టేషన్ వ్యాగన్‌లో అందరం పడతాం, వెళ్దాం,” అన్నాడు.

అలా నా తిరుగు ప్రయాణం పిట్స్‌బర్గ్ మీదుగా కుదిరింది. తరువాతి శనివారం చీకటితోనే బయలుదేరాం. టొలీడో దగ్గర తెల్లవారింది. టర్న్‌పైక్ రోడ్డు మీద ఒకచోట కాఫీకి ఆగి, పదకొండుకల్లా గుడి కొండ ఎక్కాం. మైక్ బూట్లు అరలో పట్టలేదు. బయట నేల మీద పెట్టాడు.

బాబాయి ప్రదక్షిణలు లెక్కపెడుతున్నాడు. వాల్ట్ గోడ పక్కన టోపీ తీసి నిలుచున్నాడు. పిన్ని నాలుగో ప్రదక్షిణకే ఆయాసపడి కూర్చుంది, మైక్‌తో నన్ను నడవమంది.

“ఆంటీ నా కోసం ఏం అడిగింది? కరెక్ట్‌గా చెప్పు,” అన్నాడు.

“ఎవరో ఒకరు నిన్ను పిలవాలని.”

వాల్ట్ నుంచున్న గోడ దాటాక, అతను గొంతు తగ్గించి అన్నాడు: “నాన్న లెక్క రైటే. కాని అన్ని పేర్లు చదివి, నా పేరు చదవకుండా రేడియో ఆగిపోతే ఎలా ఉంటుందో అని... ఆ మెట్ల మీద కూర్చుని ఫోన్ మోగాలనే కోరుకున్నాను. నాన్నకి చెప్పకు, ప్లీజ్.”

చెప్పనని తలూపాను. మిగిలినవి గబగబా నడిచాడు. కింద హాల్లో పులిహోర, పెరుగన్నం పెట్టారు. మైక్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. పిన్ని మెతుకు ముట్టలేదు.

రెండు గంటల న్యూవార్క్ బస్సు దగ్గర కూడా ఆవిడది అదే దిగులు. “ఆగస్టులో వాణ్ణి ఇంటికి పంపేస్తే ఆ పాపం నాదేనే.” పక్కనే వాల్ట్ నా సూట్‌కేసు పట్టుకుని ఉన్నాడు. డ్రైవరు ఎక్కమంటున్నాడు. వాళ్ళ నాన్నకి చెప్పననే కదా తలూపాను, పిన్నికి చెప్పొచ్చు అనుకున్నాను.

“పిన్నీ, నువ్వేం అడిగావో ఆ అబ్బాయి కూడా అదే కోరుకున్నాడట. వాళ్ళ నాన్నకి తెలియనివ్వద్దన్నాడు.”

పిన్ని నోరు తెరుచుకుని నన్ను చూసింది, తరువాత మైక్‌ని చూసింది.

“ఏమంటోంది?” అన్నాడు వాల్ట్.

“కిటికీ పక్క సీటు దొరికిందట,” అని ఆవిడ ఇంగ్లీషులో చెప్పి, పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“గుడ్, వెరీ గుడ్!” అని వాల్ట్ సూట్‌కేసు లోపల పెట్టించాడు.

బస్సు కదిలాక అద్దంలోంచి చూశాను. పిన్ని మైక్‌తో ఏదో చెబుతోంది. అతను వినడానికి బాగా వంగాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. వాళ్ళకి కాస్త దూరంగా వాల్ట్ నాకు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కొడుక్కి మేలు జరగలేదని ఒక్క ఆయనే దిగులు పడాలి ఇక. ఆయనకీ చెప్పి ఉండాల్సిందా, చెప్పకపోవడమే మంచిదా? ఓడినవాళ్ళకి ముందు వంతు సంగతి లాగే ఇదీ నాకు న్యూవార్క్ చేరేదాకా తేలలేదు.