అవ్వ పలక, నా కంట్రోల్ ఫైలు

ఆఫీసులు మన ఇళ్లకే వచ్చి వంటింటి పక్కన మకాం వేసిన ఆ రోజులు గుర్తున్నాయి కదా? అప్పుడే నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. రాయచూరులో మా ఇంట్లో, బియ్యం డబ్బా పక్కన బల్ల వేసుకుని, ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక పెన్షన్ సంస్థవారి మెయిన్‌ఫ్రేమ్‌ను, అంటే పాతకాలపు పెద్ద కంప్యూటర్‌ను, నడుపుతున్నానని అనుకునేదాన్ని. (నిజానికి అదే నన్ను నడిపేది.) నాతో చదివినవాళ్లంతా నిన్నగాక మొన్న పుట్టిన భాషల్లో ప్రోగ్రాములు రాస్తుంటే, నాకు మాత్రం మా నాన్నకంటే వయసులో పెద్దదైన కోబాల్ దక్కింది. అయినా నా గర్వానికేం తక్కువ లేదు. నా ప్రొబేషన్ ఆ నెలాఖరుకు ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇంటికి పంపిస్తారో తేలిపోతుంది. ఈ ముక్క చెబితే మా అవ్వ, అంటే నాన్నమ్మ, బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “ఇంట్లనే ఉన్నవ్ గదనే పిల్లా, ఇంగ యాడికి పంపుతరు?”

నా పై మేడం సింధనూరు దగ్గర కాలవ కింద, కోస్తా నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపులో పుట్టి పెరిగిన మనిషి. బెంగళూరులో కూర్చున్నా ఆమె మాటలో కోస్తా ఊళ్ల పలుకు చెక్కుచెదరలేదు. నెలకోసారి నడిచే పెద్ద జాబ్‌ను, అంటే ఒకదాని వెంట ఒకటి నడిచే ప్రోగ్రాముల వరుసను, ఆమె మొదటిసారి నా చేతిలో పెట్టింది. అందులో ఒక ముఖ్య ప్రోగ్రాం ఉంటుంది, అది పిలిస్తే వచ్చి పనిచేసిపోయే ఉప ప్రోగ్రాములు పన్నెండు. ఈ నెల ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో ఒక చిన్న కంట్రోల్ ఫైలులో రాసిపెట్టాలి. పేరు, పక్క గడిలో పిలవాలంటే వై, వద్దంటే ఎన్. ఇంతే పని. “అన్నీ మామూలేనమ్మాయ్. సంతాపం ఉత్తరాల ప్రోగ్రాం ఒక్కటి మాత్రం ఈసారి వద్దు. చనిపోయినోళ్ల జాబితా ఇంకా రాలేదు. జాబితా లేకుండా దాన్ని లేపామో, సభ్యులందరి ఇళ్లకీ ఉత్తరాలు అచ్చేసి పడేస్తుంది. జాగ్రత్త!” అంది మేడం.

ఇక్కడ మా అవ్వ పలక సంగతి చెప్పాలి. వంటింటి గోడకు ఒక పలక వేలాడేది. దాని మీద పప్పు, ఉప్పు, నూనె అని సామాన్ల పేర్లుండేవి. తేవలసిన వాటి పక్కన రోజూ ఒక టిక్కు. అక్కర్లేని వాటి పక్కన ఏమీ ఉండదు. చిన్నప్పుడు ఒకసారి తెలివి ప్రదర్శించి ఇంటు గుర్తులు పెట్టినందుకు చెవి మెలిపెట్టించుకున్నాను. “ఇంట్ల లేదు అనొద్దు, వద్దు అని రాయొద్దు. బియ్యం అయిపోతె నిండుకున్నయ్ అనాలె. ఖాళీగ ఇడిస్తె తెల్వదా?” అనేది. అలాంటి ఇంట్లో పెరిగిన చెయ్యి సంతాపం ఉత్తరాల గడి దగ్గరికి రాగానే ఆగింది. శుభమా అని మొదటి జాబ్, పైగా అది చావు వ్యవహారం. దాని పక్కన ఎన్ కొట్టబుద్ధి కాలేదు. ఖాళీగా వదిలేశాను. మేడం కూడా వై ఉన్నవన్నీ సరిచూసి “బాగుందమ్మాయ్” అంది. కానీ ఆ ముఖ్య ప్రోగ్రాం రాసిన మహానుభావుడు మా అవ్వ చేతి కింద పెరగలేదు. ఎన్ కనబడితేనే ఆగు, లేకుంటే పిలువు అని రాసిపెట్టి ఏనాడో రిటైరైపోయాడు.

మరునాడు మధ్యాహ్నం మేడం ఫోను. “నా కొంప ముంచావు కదే అమ్మాయ్!” ఆ సంస్థ అచ్చు గదిలో పనిచేసే పెద్దాయన పొద్దున్నే వచ్చి, ఆగకుండా వస్తున్న ఉత్తరాల్లోంచి ఒకటి తీసి చూశాడట. తన భార్య పేర రాసిన ఉత్తరం. తాను పోయినందుకు సంస్థ ఆమెకు ప్రగాఢ సానుభూతి తెలిపింది. (రిటైరై పెన్షన్ తీసుకుంటూ మళ్లీ అక్కడే చేరాడు పాపం.) ఆయన యంత్రం ఆపి, ప్రస్తుతానికి తన ఆరోగ్యం బాగానే ఉందని మెయిల్ పెట్టాడు. పుణ్యాత్ముడు, ఒక్క ఉత్తరాన్నీ గడప దాటనివ్వలేదు. ఒక్క అశుభం మాట రాయకూడదనుకున్న నేను ఒక్క పూటలో ఊళ్లకు ఊళ్లకే సంతాపం ప్రకటించాను! “గంటలో వాళ్లతో మీటింగు. ఎందుకు ఖాళీ వదిలావో నువ్వే చెప్పు. నేనూ చూసి పంపాను కాబట్టి నా తలకాయా అక్కడే ఉంది” అని మేడం ఫోను పెట్టేసింది.

“ఏందే, మొకం గట్ల బెట్టినవ్?” అంది అవ్వ. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే. “ఎవరికన్న ఏమన్న అయిందా?”

“ఏం గాలేదవ్వా, అందరు మంచిగున్నరు.”

“మరింగేంది! ఉత్తగ సచ్చిండని మాట పుడితె ఆయుస్సు పెరుగుతదే. ఫికర్ జెయ్యకు, పొయ్యి గదే జెప్పు.”

మీటింగు కోసం రాసిపెట్టుకున్న ఇంగ్లీషు వాక్యాలన్నీ మొదటి ప్రశ్నకే అయిపోయాయి. వేరే దారిలేక పలక సంగతి, అవ్వ సంగతి, చివరికి ఆయుస్సు సంగతి కూడా చెప్పేశాను. మా మేడం కళ్లు మూసుకున్నట్టు తెరమీద స్పష్టంగా కనబడింది. అంతలో ఆ అచ్చు గది పెద్దాయన నవ్వాడు. ఎంత పెరుగుతుందట అని అడిగాడు. వెనక పప్పు గిలకొడుతున్న అవ్వకు చెబితే, తల తిప్పకుండానే “నూరేండ్లని జెప్పు” అంది.

ఉద్యోగం పోలేదు. ప్రొబేషన్ మాత్రం మూడు నెలలు పెరిగింది. (నా ఆయుస్సు కాదు కదా అని సర్దుకున్నాను.) ఆ పాత ప్రోగ్రాంను ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గడి ఖాళీగా ఉందంటే మనిషి ఉన్నట్టే, పిలవాల్సిందే అని దానికి ఇవాళ్టికీ నమ్మకం. కొత్తగా చేరే పిల్లలకు ఇప్పుడు నేనే పాఠం చెబుతాను, ఎన్ రాయడానికి మొహమాటపడకండి అని.

అవ్వ నిరుడు వానాకాలంలో వెళ్లిపోయింది. మొన్న ఇంటింటి సర్వే ఆయన పేర్ల జాబితా తెచ్చి, ఒక్కొక్కరి పక్కన ఉన్నారో లేరో రాయమన్నాడు. అందరికీ రాశాను. “మేడం, ఒక గడి ఇడిసినారు” అన్నాడు కాగితం చూసి. అది అవ్వ గడి. ఇంత పాఠం చెప్పేదాన్ని, పెన్ను పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాను. నవ్వూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. “ఉండనీయండి” అని కాగితం అలాగే ఇచ్చేశాను. గడి ఖాళీగా వదిలితే ఏమని చదువుకుంటారో నాకు బాగా తెలుసు.