రంగుల క్యూబు మీద నా పరిశోధన

కాలేజీ పిల్లలందరి ముందూ, చక్కగా పనిచేస్తున్న మైకులో, నా నేరాన్ని నేనే ఒప్పుకున్న వైనం ఇది. నన్నెవరూ అడగలేదు. ఎవరూ అనుమానించలేదు. పైగా ఒక పెద్దమనిషి నన్ను కాపాడాలని చూస్తుంటే, ఆయన మాటకు అడ్డుపడి మరీ ఒప్పుకున్నాను. అంత తెలివి ఒక్క మనిషి తలలో ఎలా పట్టిందా అని మా ఇంట్లో ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

అది రెండువేల అయిదు. నాకు ఇరవై ఆరేళ్లు. తెనాలిలో ఒక ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతూ, రోజూ రేపల్లె నుంచి పాసింజరులో వెళ్లి వచ్చేదాన్ని. మా ఫిజిక్స్ లెక్చరర్ సత్తార్ గారు భట్టిప్రోలులో ఎక్కేవారు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. నేనేమో, ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి రెండేళ్లయినా దాని వేడి తగ్గనిదాన్ని. నాకు తెలియని విషయం ఏదైనా ఉందంటే తప్పు ఆ విషయానిదే అన్నట్టుండేదాన్ని.

ఆ ఏడు మా కాలేజీ గుమాస్తా పెళ్లికి స్టాఫంతా బాపట్ల వెళ్లాం. భోజనాలయ్యాక ప్రసాదరావు గారని అరవై దాటిన ఒకాయన మ్యాజిక్ చేశారు. రంగుల క్యూబు ఎవరికో ఒకరికి ఇచ్చి, ఇష్టమొచ్చినట్టు వరసలు తిప్పి రంగులు కలపమన్నారు. కలిపినదాన్ని దూరపు చుట్టం రాసిన ఉత్తరంలా అన్నివైపులా తిప్పి తిప్పి చూశారు. తర్వాత దానిమీద నల్లగుడ్డ కప్పి, గుడ్డ కింద చేతులు పెట్టి, పెళ్లివారితో కబుర్లాడుతూ నిలబడ్డారు. కాసేపటికి గుడ్డ తీస్తే ఏముంది! ఆరు వైపులా ఆరు రంగులు, దేని చోట అది!

మర్నాడు రైల్లో మొదలైంది వాదన.

"చూడకుండా సరిచేయడం అసంభవం సార్. అదంతా కనికట్టు," అన్నాను.

"సాధన అమ్మా, సాధన. ముందే చూసి గుర్తుపెట్టుకుంటున్నాడాయన," అన్నారు సత్తార్ గారు.

"అన్ని ముక్కలు గుర్తుంటాయా? అదేమైనా ఎక్కాల పుస్తకమా?"

"మరి నువ్వేమంటావు?"

పెట్టె మొత్తానికి వినబడేలా చెప్పాను. "ఆయనకి రెండోది ఉందండి! గుడ్డ కింద దాచి, అందరి కళ్లముందే నడిపిస్తున్నాడు!"

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఒళ్లోని సంచీ పక్కన పెట్టి ముందుకు వంగింది. "ఇంట్లో ఆవిడకి తెలుసా అమ్మా?"

"ఏంటండి?"

"అదే, రెండోదాని సంగతి."

క్యూబు గురించని చెబితే ఆవిడ ముఖం చిన్నబోయింది. వేమూరు దాకా మళ్లీ మావైపు చూడలేదు.

అలా రెండు వారాలు గడిచాయి. నేను బోర్డు మీద వేసే బొమ్మలన్నీ క్యూబులే అయ్యాయి. స్టాఫ్‌రూమ్ రెండు పార్టీలుగా చీలింది. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు, కాలేజీ వార్షికోత్సవానికి ప్రసాదరావు గారిని పిలిచామని చెప్పారు. పెళ్లిళ్లలో సరదాకి చేయడమే తప్ప స్టేజీ మీద చేయడం ఆయనకు అదే మొదటిసారట.

ఆ మాటతో ఎవరికైనా మనసు కరగాలి. నాకు మాత్రం మెరుపులాంటి ఆలోచన వచ్చింది. క్యూబు కలపడానికి నేనే వెళతాను. ఎవరూ చూడకుండా ఒక ఎర్ర స్టిక్కరు, ఒక నీలం స్టిక్కరు పీకి, ఒకదాని చోట ఇంకొకటి అంటిస్తాను. చివరికి అన్ని రంగులూ సరిగ్గా ఉన్న క్యూబు బయటికొచ్చిందా, అది వేరే క్యూబే! దొంగ దొరికినట్టే. అదే క్యూబు వస్తే మాత్రం ఆ రెండు స్టిక్కర్లూ తప్పుగా కనబడతాయి. ఇంత అందమైన రుజువు నేను ఎమ్మెస్సీలో కూడా రాయలేదు. ఆ రెండో సందర్భంలో ఆ పెద్దాయన పరువేమవుతుందన్న లైను మాత్రం నా రుజువులో ఎక్కడా లేదు.

వార్షికోత్సవం రోజు ఆయన ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో వచ్చారు. మైకును వేలితో రెండుసార్లు తట్టి చూసుకున్నారు. "ఎవరైనా వచ్చి దీన్ని కలపండి," అనేసరికి, నేను అప్పటికే స్టేజీ మెట్ల మీదున్నాను.

"నాకు కనబడకుండా తెర వెనక కలుపుకు రండమ్మా. తొందరేం లేదు."

ఇంత అమాయకుణ్ణి మోసం చేయడం ఎంత సులువనుకున్నారు! తెర వెనక గోటితో రెండు స్టిక్కర్లూ పీకాను. జేబురుమాల్లో దాచి తెచ్చుకున్న జిగురు రాసి, తారుమారు చేసి అంటించాను. బొటనవేలితో ఇరవై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకున్నాను. క్యూబు బాగా కలిపి తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన తిప్పి చూడసాగారు. ఒకచోట ఆగారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశారు. ఒక్కసారి నావైపు చూశారు. క్యూబు మీద గుడ్డ కప్పారు. ఈసారి కబుర్లు లేవు. నుదుటి మీద చెమట మాత్రం కనబడింది.

గుడ్డ తీశారు.

నాలుగు వైపులా రంగులు సరిగ్గా ఉన్నాయి. ఎర్రవైపు మాత్రం ఒక నీలం చుక్క, నీలంవైపు ఒక ఎర్ర చుక్క.

పిల్లలు "హో" అని అరిచారు. వెనక వరసల్లోంచి ఈలలు వచ్చాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా రుజువు మాత్రం దివ్యంగా పూర్తయింది. అది అదే క్యూబు. ఆయన చేసింది నిజం. వాదనలో ఓడింది నేను.

ప్రసాదరావు గారు మైకు దగ్గరికి జరిగారు. "పిల్లలూ, ఇది పాత క్యూబు. స్టిక్కర్లు రెండు ఊడి, ఒకదాని చోట ఒకటి అంటుకున్నట్టున్నాయి. మేడం గారి తప్పేమీ లేదు," అన్నారు.

చూశారా, ఆయనకు అంతా తెలుసు. అయినా కాపాడుతున్నారు. నేను చేయవలసిందల్లా నోరు మూసుకుని నిలబడటం. రాయి కూడా చేయగల పని.

ముందు వరసలోంచి సత్తార్ గారు లేచారు. "అదెలాగండి? ఊడితే కింద పడాలి గానీ, వాటంతట అవే చోట్లు మార్చుకుంటాయా?"

"జిగురు సరిగా లేదేమోనండి," అన్నారు ప్రసాదరావు గారు.

రెండు వారాలుగా ఆగకుండా వాదిస్తున్న నోరు కదా, దానికి అలవాటైపోయింది. నా పనితనాన్ని ఎవరో తప్పుపట్టినట్టనిపించింది. మైకు నాకూ ఆయనకూ మధ్య ఉంది.

"జిగురుకేమండి, శుభ్రంగా ఉంది! ఇరవై లెక్కపెట్టి నొక్కి మరీ అంటించాను!"

స్పీకర్లు ఆ మాటను మైదానం దాటించి రోడ్డు మీదికి కూడా మోసుకెళ్లాయి. వెంటనే లేచిన నవ్వుకి షామియానా ఊగిందంటే నమ్మండి. ప్రిన్సిపాల్ గారు నవ్వు ఆపుకోవడానికి చేతిలోని కార్యక్రమాల కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ప్రసాదరావు గారు కూడా నవ్వేశారు. స్టేజీ మీదే ఆ రెండు స్టిక్కర్లూ పీకి సొంత చోట్లలో అంటించి, క్యూబు పైకెత్తి చూపించారు. ఆ చప్పట్లు నేనెప్పుడూ మరచిపోను. కొన్ని నన్ను చూసి నవ్వుతూ కొట్టినవే అయినా.

తర్వాత స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతుంటే వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పాను. "ఎలా చేస్తారండి?" అని అడిగాను.

"బాపట్లలో ముప్పై ఏళ్లు టైపు నేర్పానమ్మా. కంప్యూటర్లొచ్చాక పిల్లలు రావడం మానేశారు, ఇన్‌స్టిట్యూట్ మూసేశాను. వేళ్లు ఊరుకోవు కదా. కీబోర్డు చూడకుండా కొట్టే అలవాటు దీనికి పనికొచ్చింది. ముందు చూసి కంఠతా పట్టడానికే నాలుగేళ్లు పట్టింది."

"మరి స్టిక్కర్లు మారాయని ఎలా తెలిసింది?"

"ఒక ముక్కకి రెండువైపులా ఎరుపే కనబడిందమ్మా. అలాంటి ముక్క ఉండదు. ఎవరో శ్రద్ధగల మనిషి చేసిన పనే అనుకున్నాను."

పక్కన సత్తార్ గారు టీ గ్లాసులోకి చూస్తూ భుజాలు కదిలేలా నవ్వుకున్నారు. గెలిచానని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

కాబట్టి ఇందుమూలంగా సమస్త తెలుగు ప్రజల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కళ్లముందు ఎవరైనా టోపీలోంచి కుందేలును తీసినా, ఏనుగునే తీసినా, ఎలా అని అడగను. నోరు మూసుకుని చప్పట్లు కొడతాను. దగ్గర్లో మైకుంటే అవీ మెల్లగా కొడతాను.