పన్ను నొప్పి పేరు చెప్పి

విడాకులు మంజూరైన మూడో నెలలో ఒక రైతు మిరపాకు పట్టుకుని మా షాపుకి వచ్చాడు. నరసరావుపేటలో మాది విత్తనాలు, పురుగుమందుల షాపు. నాన్న పెట్టింది. ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. రైతులు చేలో నుంచి ఒక ఆకో కొమ్మో తుంచి తువ్వాల్లో చుట్టుకుని తెస్తారు, మేము అటూ ఇటూ తిప్పి చూసి మందు చెప్తాం. ఆయన తెచ్చిన ఆకు అంచులు పైకి ముడుచుకుపోయి ఉన్నాయి. తామర పురుగు. కౌంటర్ అవతల నుంచే చెప్పగలిగేంత మామూలు తెగులు.

నేను ఆ ఆకు చేతిలోకి తీసుకుని ఏడవడం మొదలుపెట్టాను.

ఎందుకో ఆ క్షణాన నాకూ తెలియదు. ఊరికే కళ్ళు తడవడం కాదు, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాను. రైతు ముఖం పాలిపోయింది.

"అన్నా, పంట అంత దూరం పోయిందా?"

"లేదు, మందు కొడితే తగ్గిద్ది" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"తగ్గేదైతే నువ్వెందుకు ఏడుస్తన్నావు? నిజం చెప్పన్నా. దున్నెయ్యమంటే దున్నేస్తా."

నేను జవాబు చెప్పేలోపే ఆయన ఫోన్ తీసి బావమరిదికి కలిపాడు. "ఒరేయ్, షాపాయనే ఏడుస్తన్నాడు రా. నీ చేను కూడా ఒకసారి చూసుకో."

పక్క షాపు భాయ్ పరిగెత్తుకుంటూ రాకపోతే ఆ రోజు ఎన్ని ఎకరాలు దున్నేసేవాళ్ళో. భాయ్ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. నాన్నకు స్నేహితుడు, అరవై దాటిన మనిషి. ఆయనే మందు డబ్బా తీసి రైతు చేతిలో పెట్టి, పంటకేమీ కాలేదని మూడుసార్లు ఒట్టేసి పంపించాడు. తర్వాత మా షట్టర్ సగం దించి, టీ తెప్పించి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"మోటారు కాలితే నేను విప్పి చూస్తా. పైన రంగేసి పంపించను. నిన్ను కూడా ఎవరో ఒకరు విప్పి చూడాల, అబ్బాయ్."

తన చెల్లెలి కూతురు ఒకప్పుడు నెలల తరబడి మంచం దిగకపోతే, ఊళ్ళోనే ఒక కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళారట. ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగం చేసుకుంటోందట. భాయ్ ఒక బిల్లు వెనక దారి గీసి ఇచ్చాడు.

నా విడాకుల గురించి చెప్పాలంటే చెప్పడానికి ఏమీ లేకపోవడమే దాని కథ. ఐదేళ్ళ కాపురం. నేను తాగలేదు, కొట్టలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దమనుషులు కూర్చున్న రోజు వాళ్ళకే విసుగు పుట్టింది. మా వైపు పెద్దమనుషులంటే తలలు పగిలిన తగాదాలు తీర్చినవాళ్ళు. మధ్యాహ్నం దాకా ఆ ప్రశ్న ఈ ప్రశ్న వేసి, చివరికి ఒకాయన, "ఇద్దరిలో ఒక్కళ్ళన్నా ఏదో ఒకటి చేసుంటే మాకు తీర్పు చెప్పడానికి బాగుండేది గదరా!" అని బాధపడ్డాడు. భోజనాలు చేసి వెళ్ళిపోయారు.

జరిగిందల్లా ఇది. ఆవిడ రోజూ "ఏం ఆలోచిస్తున్నారు?" అని అడిగేది. నేను "ఏం లేదు" అనేవాడిని. మొదట్లో అది నిజమే కూడా. తర్వాత నిజం కాకుండా పోయింది, అయినా నేను అదే మాట అంటూ ఉండిపోయాను. ఐదో ఏడు ఆవిడ అడగడం మానేసింది. ఇంట్లో ప్రశాంతంగా ఉందనుకున్నాను. ఆవిడ అప్పటికి బట్టలు సర్దుకుంటోంది.

భాయ్ గీసిన దారి పట్టుకుని ఒక గురువారం వెళ్ళాను. మేడమ్ గది మేడ మీద ఉంది. మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు పళ్ళ డాక్టరు, కుడి వైపు మేడమ్. డాక్టరు గారి బోర్డు మీద గుమ్మడికాయంత పన్ను నవ్వుతూ ఉంటుంది. మేడమ్‌ది పోస్టుకార్డు అంత పలక. కింద మెట్ల పక్కనే టీ బంకు. మా వీధి బాబాయి ఒకాయన అక్కడ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది అబ్బాయ్, ఇటెక్కుతన్నావు?"

చుట్టూ పదిమంది ఉన్నారు. మనసు బాగోలేదని చెప్పడం మా ఊళ్ళో ఇంకా అలవాటు లేని పని. పైగా నేను మీసం ఉన్న మనిషిని.

"పన్ను, బాబాయ్" అన్నాను.

ఆ ఒక్క మాట నాకంటే ముందు ఇల్లు చేరింది. నేను తిరిగొచ్చేసరికి అమ్మ మెత్తగా పిసికిన పెరుగన్నం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మొదటి రోజు మేడమ్ గదిలో నేను చేసిందేమీ లేదు. ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి, నూలు చీర, నెమ్మదైన గొంతు. "చెప్పండి" అంది. నేను పైకి చూశాను. చాలాసేపు చూశాను.

"మేడమ్, ఆ ఫ్యానుకి బుష్ పోయింది" అన్నాను.

"అలాగా. ఇంకా ఏం గమనించారు?" అంది ఆవిడ, అదేదో చాలా ముఖ్యమైన సంగతి అయినట్టు.

వారం వారం వెళ్ళాను. ఆవిడ ఒక నోటుబుక్ పెట్టుకోమంది. రోజూ ఆ రోజు ఎలా అనిపించిందో ఒక్క మాట రాసుకుని రావాలి. మొదటి వారం ఏడు రోజులూ "బాగానే ఉంది" అని రాశాను. బాగానే ఉంటే ఇక్కడికెందుకు వస్తున్నారని అడిగింది. రెండో వారం బాగా ఆలోచించి నాలుగు రోజులు "ఉక్కపోత" అని రాశాను.

"ఇది వాతావరణం అండీ" అంది మేడమ్.

"ఏప్రిల్ నెలలో పేటలో ఇంకోటి ఏం అనిపించదు మేడమ్."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్కేసుకుంటే భయమేసింది. మూడో వారం "కోపం" అని రాశాను. నాలుగో వారం "దిగులు" అని రాసి, అక్షరాలు తప్పేమో అన్నట్టు రెండుసార్లు దిద్దుకున్నాను.

ఆవిడ అడిగే ప్రశ్నలు మొదట్లో చిరాకు తెప్పించేవి. ఎప్పటి నుంచి ఇలా ఉంది? దానికి ముందు ఏం జరిగింది? అప్పుడు మీరేం చేశారు? ఒకరోజు హఠాత్తుగా తట్టింది. ఆకు పట్టుకొచ్చిన రైతును నేను అడిగేవీ ఇవే. ఎప్పటి నుంచి ముడత పడతంది, ముందు ఏం కొట్టావు, నీళ్ళు ఎప్పుడు పెట్టావు. అవి అడగకుండా మందిస్తే నాన్న ఊరుకునేవాడు కాదు.

నాన్న అన్న మాట అక్కడే వచ్చింది. మా పెళ్ళయిన రెండో ఏడు నాన్న పోయాడు. అందరూ ఏడ్చారు. నా భార్య ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. నేను పెద్దకర్మ కాగానే షాపు తెరిచాను, "ఎంత ధైర్యం గల పిల్లాడో" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు నిలబెట్టుకోవడానికి మూడేళ్ళు నోరు మూసుకున్నానని మేడమ్ గదిలో తెలిసింది. ఆ గురువారమంతా ఏడుపే వచ్చింది. ఆవిడ మంచినీళ్ళ సీసా నా ముందుకు జరిపింది. మిరపాకు మీద పడ్డ కన్నీళ్ళు ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది.

ఇదంతా ఇలా నడుస్తుంటే, ఇంటి దగ్గర నా పన్ను వ్యవహారం ముదిరిపోయింది. అమ్మ ఇంట్లో కారం ఆపేసింది. పల్నాడులో పుట్టిన మనిషికి ఆవకాయ లేదు, గోంగూర లేదు, పండుమిరప పచ్చడి జాడీ అటక ఎక్కింది. పొట్లకాయ పాలు పోసిన కూర, పెసరకట్టు, జావ. మాచర్ల నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి లవంగ నూనె రాయమంది. కోటప్పకొండ వెళ్ళినవాళ్ళెవరో విభూతి తెచ్చి నా దవడకు పూశారు, ఏ వైపు అని అడిగితే నేను ఒకసారి కుడి, ఒకసారి ఎడమ చూపించాను.

"రెండు పక్కలా పాకిందా నాయనా!" అని అమ్మ గుండె బాదుకుంది.

నిజం చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ అబద్ధం అప్పటికి నాకంటే పెద్దదైపోయింది. మధ్యాహ్నం భాయ్ షాపులో కూర్చుని దొంగతనంగా మిరపకాయ బజ్జీలు తినేవాడిని. భాయ్ తలుపు దగ్గర కాపలా ఉండేవాడు.

ఐదో నెలలో అమ్మ ఓపిక అయిపోయింది. నాకు చెప్పకుండా ఒక గురువారం బయలుదేరి, మేడ మెట్లు ఎక్కి, ఎడమ చేతి వైపు గదిలోకి నడిచింది. నేను కుడి వైపు గదిలో ఉన్నాను. గోడ అవతల నుంచి అమ్మ గొంతు వినబడితే భ్రమ అనుకున్నాను.

"ఏమయ్యా డాక్టరూ, ఐదు నెలల నుంచి తిప్పుకుంటన్నావు, ఒక్క పన్ను పీకటం చేతగాలేదా నీకు? చేతగాకపోతే చెప్పు, గుంటూరు తీసుకుపోతా."

"ఎవరి పన్నమ్మా?" అంటున్నాడు డాక్టరు.

"నా కొడుకుది! ప్రతి గురువారం వస్తన్నాడు గదా!"

"మీ అబ్బాయి ఎవరో నాకు తెలవదమ్మా!"

నేను బయటికి పరిగెత్తాను. వరండాలో అమ్మ, వెనకే చేతికి గ్లౌజులతో డాక్టరు, కుర్చీల్లో దవడలు పట్టుకుని పేషెంట్లు. నా కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. అమ్మ నన్ను చూసింది. నా వెనక తలుపు పక్కనున్న చిన్న పలక దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"మనసుకా?" అంది మెల్లగా.

"అవునమ్మా."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"మరి పన్ను?"

"బాగానే ఉందమ్మా. అన్నీ బాగానే ఉన్నాయి."

"ఓరి నీ అఘాయిత్యం గూలా! నువ్వు చప్పిడి తింటా ఉంటే నీ ముందు కారం ఎట్టా తినేదని నేనూ మానేశాను గదరా! ఐదు నెలల నుంచి నా నోరు చచ్చిపోయింది!"

పేషెంట్లు దవడ నొప్పి మర్చిపోయి నవ్వారు. నాకు మాత్రం భాయ్ షాపులో బజ్జీలు గుర్తొచ్చి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

మేడమ్ తలుపు దగ్గరికి వచ్చి అమ్మకు నమస్కారం పెట్టింది. "లోపలికి రండమ్మా, కాసేపు కూర్చుని వెళ్దురు" అంది. నాకేమన్నా అభ్యంతరమా అన్నట్టు నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"నాకేమయింది తల్లీ, వాడికి గానీ" అంటూనే అమ్మ కుర్చీలో కూర్చుంది. మేడమ్ "ఈ ఏడాది మీకెలా గడిచిందమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసింది. నేను ఫ్యాను గురించి చెప్పిన చోట అమ్మ అసలు సంగతి చెప్పింది.

"పొద్దున్నే నేనూ కోడలూ కలిసి టీ తాగేవాళ్ళం. నా తలకు రంగు ఆ పిల్లే వేసేది. విడాకులు వీళ్ళిద్దరికే అనుకున్నారు అందరూ. నన్నెవరు అడిగారు? నాకు కూతుర్లు లేరు. ఉన్న ఒక్కదాన్నీ కోర్టులో సంతకం పెట్టి పంపించేశారు. మళ్ళా ఫోన్ చేస్తే వీడేమనుకుంటాడో అని చెయ్యలా."

నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఐదు నెలలుగా ఆ గదిలో నా బాధ గురించే మాట్లాడుకున్నాను. అదే ఇంట్లో, అదే చప్పిడి కూడు తింటూ ఇంకో మనిషి ఉందని నాకు తట్టనే లేదు.

"చేసుకో అమ్మా. నేనేమీ అనుకోను" అన్నాను.

ఆ సాయంత్రమే చేసింది. నేను వరండాలోకి వెళ్ళిపోయాను. లోపల నుంచి గంటసేపు ఏడుపులు, మధ్యలో నవ్వులు. నవ్వులు నా పన్ను గురించేనని చెప్పకుండానే తెలిసింది.

నేను ఇంకో మూడు నెలలు మేడమ్ దగ్గరికి వెళ్ళాను. బాబాయి అడిగితే "కౌన్సెలింగ్‌కి, బాబాయ్" అని చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "దాంట్లో సూది ఏమన్నా వేస్తారా?" అని అడిగాడు. లేదంటే ఊరట పడ్డాడు. మేడమ్ చివరికి, ఇక అవసరమనిపించినప్పుడు వస్తే చాలని చెప్పింది. ఆ రోజు ఆవిడ గదికి ఎలక్ట్రీషియన్‌ని పంపించాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా బీరువాలో విడిపోయిన నా భార్య చదువు సర్టిఫికెట్లు దొరికాయి. కొరియర్‌లో పంపుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. గుంటూరు వెళ్ళి ఇచ్చాను. బస్టాండు ఎదురుగా జ్యూస్ షాపులో కూర్చున్నాం. ఆవిడ కొంచెం లావయింది, ముఖంలో తేట వచ్చింది. నాన్న పోయినప్పటి సంగతులు చెప్పాను. నోరు తెరవనందుకు క్షమించమని అడిగాను. ఆవిడ గ్లాసులో స్ట్రా తిప్పింది.

"ఇది అప్పుడు చెప్పి ఉంటే బాగుండేది" అంది.

"తెలుసు."

"ఇప్పుడు చెప్పినా బాగుంది" అంది. ఇంతకంటే ఏమీ జరగలేదు. మళ్ళీ కలుద్దామని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. ఆవిడ సర్టిఫికెట్ల కవరు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

తిరుగు బస్సులో పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్ళో బెండకాయల సంచి.

"యాడికి పోయొస్తన్నావు అబ్బాయ్, మొగం అట్టా ఉంది?"

"విడిపోయిన భార్యను చూసొస్తున్నానమ్మా."

"ఆ పిల్లేం చేసింది?"

"ఏం చెయ్యలేదు."

"మరి నువ్వేం చేశావు?"

"నేనూ ఏం చెయ్యలేదు. అదే నేను చేసిన తప్పు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, సీట్లో నా వైపు పూర్తిగా తిరిగింది. "మా ఆయన కూడా అంతే నాయనా. నలభై ఏళ్ళ నుంచి ఊఁ అంటాడు, ఆఁ అంటాడు" అని మొదలుపెట్టింది. బస్సు ఫిరంగిపురం దాటింది, ఆవిడ ఆపలేదు. పేట వచ్చేదాకా నేను వింటూ కూర్చున్నాను.