రెండు షాఫ్టులు, ఒకే పేరు

పోయిన వారం కంచరపాలెంలో మా వీధి చివరి ఫోన్ల దుకాణంలో కూర్చుని పాత ఫోనులోని ఫొటోలు కొత్తదానిలోకి మార్పించుకుంటుంటే, బొమ్మలన్నీ వచ్చేసినట్టే కనబడి, తీరా ఒకదాని మీద వేలు పెట్టేసరికి ఫైలు దొరకలేదని ఫోను చెప్పింది. దుకాణం అమ్మాయి కంగారుపడింది గానీ నాకు నవ్వొచ్చింది. ఆ ఒక్క మాట నన్ను ఇరవై ఏళ్లు వెనక్కి, పోర్టు దగ్గర మా డ్రాయింగాఫీసులోకి లాక్కుపోయింది.

మన తరం వాళ్లకి చెప్పక్కర్లేదు, తొంభైల్లో డ్రాయింగంటే వాలుబల్ల. డిప్లొమా చేత పట్టుకుని నేను ఉద్యోగంలో చేరేనాటికి మేమంతా ట్రేసింగు కాగితం మీద సిరాతో గీతలు గీసేవాళ్లం, గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి సరిచేసేవాళ్లం, ప్రింట్లు తీసే గదిలోంచి అమోనియా వాసన వచ్చి కళ్లు మండుతుంటే ఆ మంటతోనే మధ్యాహ్నం క్యారేజీ విప్పుకునేవాళ్లం. ఓడల్లోంచి బొగ్గూ ఖనిజమూ దింపే యంత్రాలకి కావలసిన సామాన్లు చేసే కంపెనీ మాది. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, బల్లలు ఒక్కొక్కటిగా గోదాములోకి పోయాయి, వాటితోపాటు నన్నూ ఎక్కడ స్టోర్సుకి పంపేస్తారోనన్న భయంతో నేను సాయంత్రాలు ఆగి మరీ ఆ కొత్త విద్య నేర్చుకున్నాను.

ఆ విద్యలో ఒక చిత్రముంది. ఒక యంత్రం బొమ్మంటే ఒక ఫైలు కాదు. పెళ్లి పత్రికలో చుట్టాల పేర్లుంటాయి గానీ చుట్టాలు ఎవరి ఊళ్లో వాళ్లుంటారు కదా, అలాగే పెద్ద ఫైలులో ఉండేవి పేర్లూ చిరునామాలూ మాత్రమే. గేరుబాక్సు ఒక ఫోల్డరులో, తిరిగే ఇరుసు, అదే షాఫ్టు, ఇంకొకదానిలో, దాన్ని పట్టి ఉంచే బేరింగు పక్క సీటాయన కంప్యూటరులో ఉండేవి. ఎవరైనా ఫోల్డరు పేరు మారిస్తే చాలు, యంత్రం తెరిచేసరికి సగం భాగాలు మాయం. ఈ అవస్థ పడలేక, బొమ్మలన్నీ ఒకేచోట భద్రపరిచే కొత్త సిస్టమ్ ఒకటి కొన్నారు మావాళ్లు. దాన్ని నడిపించడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. రెండు రోజుల్లో ఫోల్డర్లన్నీ ఒక్కసారే లోపలికి ఎక్కించేశాడు. తప్పుందని చూపే ఎర్ర గుర్తు ఒక్కటి కూడా రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, మేనేజరుగారు మిఠాయి తెప్పించారు, సోమవారం పెద్దవాళ్ల చేత ప్రారంభోత్సవమన్నారు.

మిఠాయి తింటూనే, ఊరికే చూద్దామని బొగ్గు మోసే కన్వేయరు బెల్టుకని నేను గీసిన గేరుబాక్సు తెరిచాను. అన్నీ ఉన్నాయి, ఏ లోటూ లేదు, కానీ ఎందుకో నా కంటికి అది నా గేరుబాక్సులా లేదు. కాసేపు తిప్పి తిప్పి చూస్తే తెలిసింది, లోపల కూర్చున్న షాఫ్టు పాత యంత్రానిది. కొత్త మోటారుకి తగ్గట్టు బేరింగు కూర్చునే చోట దాన్ని లావు చేసింది నేనే. పాత ఫోల్డరుని నకలు తీసి, కొలత మార్చి, పేరు మార్చకుండా వదిలేసిందీ నేనే! వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. అన్నీ ఒకేచోటికి చేరేసరికి, ఒకే పేరుతో రెండోది వస్తే ఆ సిస్టమ్ ఉన్నదే చాలని మొదట వచ్చినదాన్నే రెండింటికీ తగిలించింది.

నోట్లో మిఠాయి చేదయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే, బల్లల కాలం నాటి మనిషి తప్పు చేసిందంటారు. ఏమీ తోచక ఆ ప్రింటొకటి తీసుకుని మెట్లు దిగి, కింద సామాన్లు తయారుచేసే షాపులోకి వెళ్లాను. అక్కడి మేస్త్రీ మల్కాపురం మనిషి. తండ్రీ అన్నదమ్ములూ సముద్రం మీదికి వేటకి వెళ్తే ఈయనొక్కడూ ఇనుము చెక్కే లేతు మిషను పట్టుకున్నాడు. అంతకుముందే నా అసలు ప్రింటు ప్రకారం చేసి బల్ల మీద పెట్టిన కొత్త షాఫ్టుని కొలిచి, ప్రింటు చూసి, మళ్లీ కొలిచాడు.

"ఏటమ్మా ఇది? ఈ కాయితం సూసి సేత్తే బేరింగు లొడలొడలాడిపోద్ది."

తప్పు నాదేనని, సోమవారమే ప్రారంభమని, మేనేజరుగారికి ఎలా చెప్పాలో తెలియడం లేదని అన్నాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఇప్పుడు సెప్పకపోతే రేపు బెల్టు కాడ ఎవుడి సెయ్యో పోద్ది. పద, నానూ వత్తన్నాను."

మేనేజరుగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు, పెద్దగా అరవరు గానీ ఆయన మౌనమంటేనే మాకు హడలు. నేను చెప్పిందంతా విని అడిగారు:

"ఆ రెండు ఫైళ్లకీ ఒకే పేరు పెట్టింది మీరేనా?"

"నేనేనండి."

"ఇలాంటివి ఇంకెన్నున్నాయి?"

"తెలీదండి. అన్నీ విప్పి చూస్తే గానీ తెలీదు."

వెనక నిలబడ్డ మేస్త్రీ ప్రింటూ షాఫ్టూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు, అంతే. మేనేజరుగారు వాటిని చూసి, ఫోను తీసి ప్రారంభోత్సవం వాయిదా వేయించారు. ఫోను పెట్టేసి, ఈ పని మీరే చూడండని నాతో అన్నారు.

ఆ తర్వాతి వారాలు నా ఉద్యోగ జీవితంలోకెల్లా మంచి రోజులు. పొడుగు పుస్తకమొకటి తీసుకుని ఏ భాగం ఏ యంత్రంలో ఉందో, పేరు ఎక్కడెక్కడ కలిసిందో రాసుకున్నాను. అనుమానం వచ్చినప్పుడల్లా షాపులోకి దిగి మేస్త్రీ చేత అసలు సామానే కొలిపించాను. నావి కాక మరెన్నో పేర్లు కలిసినవి బయటపడ్డాయి, కొన్ని మా పెద్దసార్లవి కూడా. హైదరాబాదు ఇంజనీరు మొదట్లో చిన్నబుచ్చుకున్నా, తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని ఆ పుస్తకం ప్రకారమే వరస మార్చాడు. ముందు ప్రతి భాగానికీ దానిదే అయిన పేరు, ఆ పేరు పెద్ద ఫైలుకీ తెలిసేలా మార్చడం, ఆపైన బోల్టులూ షాఫ్టులూ లోపలికి, వాటి తర్వాత గేరుబాక్సులు, అన్నిటికన్నా ఆఖరున యంత్రం. చివరిరోజు బటను నన్నే నొక్కమన్నాడు. నా గేరుబాక్సు తెరిస్తే లావు షాఫ్టు తన చోట తాను కూర్చుని ఉంది.

ఆ ఏడాది వానల్లో పోర్టులో ఒక కన్వేయరు ఆగిపోయి, ఓడ రేవులో నిలిచి, షాఫ్టు వెంటనే కావాలని కబురొచ్చింది. కొత్త సిస్టమ్‌లోంచి ప్రింటు తీసి కిందికి పంపాను. మర్నాడు అది బిగించి వచ్చిన మేస్త్రీ, బట్టలన్నీ తడిసి ముద్దయి ఉన్నా, మా హాలు గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు: "సుత్తి దెబ్బ లేకండా కూకుందమ్మా!" నాకు తర్వాత ప్రమోషన్లు వచ్చాయి, శాలువాలు కప్పారు, ఏదీ ఆ మాటకి సాటి రాలేదు.

మేస్త్రీ ఇప్పుడు లేడు. మా ఆఫీసులో ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయిలు చెబుతుంటారు, ఒకే పేరు రెండుసార్లు పెడితే సిస్టమే ఒప్పుకోదట, లింకు తెగితే అదే వెతికి తెచ్చుకుంటుందట, షాపులోకి దిగాల్సిన అవసరమే ఎవరికీ రావడం లేదట. మంచిదే, నాలాంటి అవస్థ ఎవరికీ వద్దు. అయినా ఆ అమ్మాయిల్ని చూస్తే ఒక్కోసారి జాలిగా ఉంటుంది. ఎవరూ పట్టుకోలేని తప్పుని తనదేనని నోరు తెరిచి చెప్పుకుని, తలెత్తుకుని మెట్లు దిగి రావడం ఎలా ఉంటుందో వాళ్లకి తెలిసే వీలు లేదు.