మా నాయన వెళ్ళని గడప

నేను రాసింది ఒకే ఒక్క పుస్తకం. నూట ఇరవై పేజీల నవల. దాన్ని చదివి ఎవరూ చెడిపోరని అందరూ ఒప్పుకున్నారు. అందులో తాగేవాడు లేడు, పెళ్ళాన్ని కొట్టేవాడు లేడు, పోలీస్‌స్టేషన్ లేదు. దొనకొండ అవతల మెట్ట పొలాల్లో నాలుగెకరాల రైతు కుటుంబం, రెండు బర్రెలు, కంది చేను, పొద్దుగూకాక ఇంటిల్లిపాదీ మోకరించి చేసే ప్రార్థన, వానకోసం ఎదురుచూపు, అంతే. ముందు మార్కాపురంలో మా సంఘం నడిపే చిన్న పత్రికలో నెలనెలా వచ్చింది. తర్వాత పాస్టరుగారు పుస్తకంగా వేయించారు. హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని కాబట్టి అచ్చుతప్పులు నేనే దిద్దుకున్నాను. దిద్దాల్సిన అసలు తప్పు మాత్రం నా కంటికి ఆనలేదు.

కథలో అన్నదమ్ములిద్దరు విడిపోతారు. పొలం గట్టు మీది వేపచెట్టును అన్న అడక్కుండా కొట్టించి ఇంటికి దూలం వేసుకుంటాడు. తమ్ముడు మాటలు మానేస్తాడు. మా సంఘాల్లో ఒక కట్టడి ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం ఇస్తారు, బల్ల అని కూడా అంటాం, తోటివాడి మీద పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదు. రొట్టె ముక్కల పళ్ళెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. పగ ఉన్నవాడు తీసుకోకుండా పక్కవాడికి అందిస్తాడు. ఎవరన్నా అట్లా అందించారంటే చాలు, ఆఖరి పాట అయిపోకముందే "ఎవరితో?" అని గుసగుసలు మొదలవుతాయి. నా కథలో అన్న ఏళ్ళ తరబడి పళ్ళెం అందించి అందించి, చివరికి ఒక పొద్దున కొత్త కందికాయలు ఉడకబెట్టించి, గంపలో పెట్టుకుని తమ్ముడి గడప ముందు నిలబడతాడు. తలుపు తియ్యకపోయినా తిరిగి తిరిగి పోతాడు. తమ్ముడు తలుపు తీస్తాడు. ఆ మరుసటి నెల మొదటి ఆదివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రొట్టె తీసుకుంటారు. చదివినవాళ్ళందరూ ఏడ్చేది అక్కడే.

అన్న మా నాయన, తమ్ముడు మా చిన్నాయన. చెట్టు నిజం, దూలం నిజం, పళ్ళెం నిజం. పదకొండేళ్ళు మా నాయన ఆ పళ్ళెం అందించడం మా ఊరి గుడిలో ఆడవాళ్ళ వైపు కూర్చుని నేను చూశాను. ఆయనకు నాలుగు వరసల వెనక చిన్నాయన కూడా అందించేవాడు. కందికాయలు మాత్రం అబద్ధం. మా నాయన ఏ గడపకూ పోలేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక కూడా "వాణ్ణే రమ్మను" అన్నాడు. చిన్నాయన దగ్గరికి పోతే "ఆయన్నే పిలవమను" అన్నాడు. ఇద్దరి మధ్య నేను చెప్పులరిగేలా తిరిగాను. మా నాయన పోయాడు, రెండేళ్ళకు చిన్నాయనా పోయాడు. ఇద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపమే. బతికి ఉండగా నా మాట వినని మనిషిని కాగితం మీదన్నా పంపిద్దామని ఆ పుస్తకం రాశాను. అక్కడ బుద్ధిగా పోయాడు.

పుస్తకం వచ్చిన మొదటి నెలంతా నా ఫోను ఊరుకోలేదు. పాస్టరమ్మ "ఒక్క చెడ్డ మాట లేదమ్మా, పిల్లల చేతికియ్యొచ్చు" అంది. మా స్కూల్లో లెక్కల సారు, "మేడం, ఇంత మంచోళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పండి, ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటా" అన్నాడు. స్టాఫ్ రూంలో అందరితో పాటు నేనూ నవ్వాను కానీ లోపల చురుక్కుమంది. మా వీధి చివర గాజుల దుకాణం ఆపా రెండు రోజుల్లో చదివేసింది. "మా అబ్బాజాన్, మా చాచా కథే ఇది. ఏసు పేరు తీసి అల్లా పేరు పెడితే సరిపోద్ది. మా చాచా తలుపు మటుకు ఇంకా తియ్యలే" అంది, నా చేతికి గాజులు ఎక్కిస్తూ.

నిజం తెలిసిన పాఠకురాలు ఒక్కతే, మా మేనత్త. నాయనకూ చిన్నాయనకూ ఆమే చెల్లెలు. మనవరాలి చేత చదివించుకుని ఫోన్ చేసింది. ముందు తగాదాకు దిగింది. "మన బర్రెకు తోక తెలుపని రాసినావేందే? నల్లది కదా." చివరికి "పోనీలే, పుస్తకంలోనన్నా పోయినాడు మా అన్న" అని పెట్టేసింది. ఆ రోజంతా నాకు ఏ పనీ చేతకాలేదు.

త్రిపురాంతకం అవతలి పల్లె నుంచి ఒకాయన ఫోన్ చేసింది ఆ తర్వాతి వారమే. నేను ఆయన్ని పెదనాయనా అని పిలిచాను, మా వైపు పెద్దవాళ్ళు ఎవరైనా వరసే. "టీచరమ్మా, నీ సాక్ష్యం విన్నానమ్మా. నాకు సదువు రాదు, మా ఇంటామె సదివి వినిపిచ్చింది" అన్నాడు.

సాక్ష్యం అంటే ఏమిటో మా సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆదివారం ఎవరో ఒకరు లేచి నిలబడి, దేవుడు తమ ఇంట్లో చేసిన మేలు చెబుతారు. "నేను" అని మొదలుపెట్టి చెబితే అది జరిగిన సంగతే. అబద్ధ సాక్ష్యం చెప్పేవాడి గతేమవుతుందో కూడా మాకు చిన్నప్పుడే నేర్పుతారు. నేను పుస్తకమంతా "నేను" అనే రాశాను, "మా నాయన" అనే రాశాను. అట్లా అయితే చెయ్యి సాగిందని రాశాను. పత్రిక మా సంఘానిది, ముందుమాట పాస్టరుగారిది. దాన్ని కల్పన అని ఎవరనుకుంటారు? ఆ మాట ఆ రోజు ఫోన్లోనే చెప్పి ఉండాల్సింది. ఆయన పొగుడుతుంటే తియ్యగా ఉంది, విని ఊరుకున్నాను.

రెండు వారాలకు ఆయన స్కూలుకే వచ్చాడు. రెండు కిడ్నీలూ పోయాయట, వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం మార్కాపురం వస్తాడు. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక వరండాలో నా పక్కన కూర్చున్నాడు. ఎడమ చేతికి పట్టీ ఉంది, ముఖం ఉబ్బి ఉంది. ఆయనకూ తమ్ముడికీ పద్నాలుగేళ్ళుగా మాటల్లేవు. బోరు నీళ్ళ వంతు కాడ మాటా మాటా పెరిగింది. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే గుడి. పళ్ళెం ఇద్దరూ అందిస్తారు.

"నాకింక ఎక్కువ దినాలు లేవమ్మా. ఒక్కసారి వాడి పక్కన కూర్చోని రొట్టె తిని పోవాలని" అన్నాడు. "నీ పుస్తకంలో మాదిరే కందికాయలు ఉడకబెట్టిచ్చుకోని పోయినా. మా మరదలు గంప తీసుకుంది. లోపలికి రమ్మంటదేమో అనుకున్నా. నా కళ్ళ ముందరే బర్రె కుడితి తొట్లో గుమ్మరిచ్చింది."

నేను టిఫిన్ బాక్సు మూత పెట్టాను.

"మీ నాయన ఎన్నిసార్లు పోయినాడమ్మా? తిరిగి తిరిగి పోయినాడని రాసినావు, ఎన్నిసార్లో రాయలేదు. అదొక్కటి అడుగుదామని వచ్చినా."

ఒక్కసారి కూడా పోలేదు అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. "మూడుసార్లు" అన్నాను.

"అయితే నాకింకా రెండుసార్లు ఉండాయి" అని తేలిగ్గా లేచాడు. ఆ అడుగుల్లో రోగం కూడా కనపడలేదు. అప్పుడు నేను ఆ అబద్ధాన్ని జాలి అనుకున్నాను. అందులో జాలి సగమే. మా నాయన్ని గొప్పవాడనుకునే మనిషి ఒక్కడు దొరికాడు, ఆయన ముందు నాయన్ని తక్కువ చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండోసారి పోతే గేటుకు తాళం ఉందట. గంప గోడ మీద పెట్టి వచ్చాడు. "కోతులు తిన్నాయిలే" అని ఫోన్లో నవ్వాడు. నేనూ నవ్వాను. ఆపుదామనిపించింది. ఆపితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే అబద్ధం బయటపడుతుంది. దొంగకు తేలు కుట్టినట్లు ఉండిపోయాను.

మూడోసారి పోయినప్పుడు తమ్ముడు బయటికి వచ్చాడు. పద్నాలుగేళ్ళ తర్వాత అన్న ముఖం చూసి నోరు తెరిచాడు. వీధిలో పదిమంది చేరారు. ఆ మాటలు పెదనాయనే నాకు ఫోన్లో అప్పజెప్పాడు, ఒక్కటి పోకుండా. "సావు దగ్గరికొస్తే తమ్ముడు గుర్తొచ్చినాడా? అందరూ ఇనండి. ఈయన సచ్చినా నేను మన్ను వెయ్యను. వేస్తే నా బిడ్డల మీద ఒట్టు."

ఒట్టు పెట్టుకోకూడదని మా గుడుల్లో చెబుతారు. కానీ బిడ్డల మీద పెట్టిన ఒట్టును గుడికి వచ్చేవాళ్ళు కూడా తప్పరు.

"మూడోది కూడా అయిపోయిందమ్మా" అన్నాడు పెదనాయన. "ఇంతకుముందు మాటల్లేవు, అంతే. ఇప్పుడు ఒట్టు పడింది."

మర్నాడు ఆయన డయాలసిస్ రోజు. సెలవు పెట్టి పోయాను. మంచం మీద రెండు గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. మా నాయన పోలేదని, కందికాయలు నేను పుట్టించినవని, మూడుసార్లన్నది కూడా అప్పటికప్పుడు నోటికొచ్చిన అంకె అని. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. "అయితే మీ నాయన బల్ల తీసుకోకుండానే పోయినాడా?"

"అవును పెదనాయనా."

"పాపం" అన్నాడు. మా నాయన గురించి అంత మెత్తగా నాతో ఎవరూ మాట్లాడలేదు. "మరి ఎందుకు రాసినావమ్మా?"

"అట్ల జరిగుంటే బాగుండు అనుకున్నా."

"నేనూ అట్లనే అనుకున్నా" అని ముఖం అటు తిప్పుకున్నాడు. నేను బస్టాండు దాకా ఏడ్చుకుంటూ నడిచాను.

నెల తిరక్కుండానే పెదనాయన పోయాడు. త్రిపురాంతకంలో దిగి ఆటో మాట్లాడుకుని పోయాను. సమాధుల తోట ఊరి బయట, చుట్టూ రాళ్ళ గోడ. పెట్టె దించాక ఒక్కొక్కరే పిడికెడు మన్ను వేస్తున్నారు. గోడ అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఉబ్బు తీసేస్తే పెదనాయన ముఖమే. ఎవరో పోయి చెయ్యి పట్టుకుని లాగారు. "రా అన్నా, ఇంకెందుకు, ఎయ్యి." ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "బిడ్డల మీద పెట్టినానురా" అన్నాడు. అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, తల బాదుకుంటూ ఏడ్చాడు. ఊరంతా చూస్తూనే ఉంది. గోడ మాత్రం దాటలేదు.

పెదనాయన ఆ మూడోసారి పోకుంటే ఆ ఒట్టు లేదు. ఒట్టు లేకుంటే తమ్ముడు గోడ ఇవతల ఉండేవాడు. పెదనాయనకు రొట్టె దక్కకపోయినా తమ్ముడి చేతి పిడికెడు మన్నన్నా దక్కేది. లెక్కల సారుకు చెప్పక్కర్లేదు, ఈ లెక్క నాకే తెలుస్తుంది.

అందరూ కదిలాక పెద్దమ్మ, అంటే పెదనాయన భార్య, నన్ను పోల్చుకుని దగ్గరికి పిలిచింది. పుస్తకం చదివి వినిపించింది ఆమే. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీ నాయన భక్తిపరుడమ్మా. మూడుసార్లకే దేవుడు తలుపు తెరిచినాడు. ఈయనకు అంత విశ్వాసం లేకపాయె. మనసులో యాడో సందేహం పెట్టుకోనే పోయుంటాడు, అందుకే తెరుచుకోలే. పోయేముందు అడిగితిని. అవును, తప్పు నాదేనే అన్నాడు."

ఆయన ఆమెకు నిజం చెప్పలేదు. నా అబద్ధాన్ని, మా నాయన పరువును, రెండింటినీ తన నెత్తిన వేసుకుని పోయాడు. అట్లా కాదు పెద్దమ్మా అనాలి. అంటే ఆమెకు మిగిలేదేంది? మొగుడు ఒక కట్టుకథ పట్టుకుని తమ్ముడి గడప ముందు నవ్వులపాలయ్యాడన్న సంగతి. ఏది చెబితే ఆమెకు తక్కువ దెబ్బో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నేను తలూపాను.

మార్కాపురం వచ్చాక పాస్టరుగారు కబురు చేశారు, పుస్తకాలన్నీ అయిపోయాయి, ఇంకోసారి వేద్దామని. ఇది జరిగిన కథ కాదని ముందు పేజీలో ఒక్క వాక్యం వెయ్యమన్నాను. "ఎందుకమ్మా, జనం బలపడుతున్నారు కదా" అన్నారు. గట్టిగా అడిగే మొహం నాకు లేదు.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం పళ్ళెం మా వరసలోకి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా తీసుకుంటున్నదాన్ని, చెయ్యి లేవలేదు. పక్కామెకు అందించాను. ఆమె ఉలిక్కిపడి నా వైపు వంగింది.

"ఎవరితోనమ్మా?" అని అడిగింది.